సన్నగండిలో దించిన బరువు

మార్చి నెల మొదటి సోమవారం ఉదయం పోప్రాద్ పట్టణంలో, పాత రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న హెర్మీనా సోత్కోవా ఆఫీసుకి ఒకామె వచ్చింది. గడప దాటగానే వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఇది ఇల్లు కాదమ్మా, ఆఫీసు. ఉంచుకోండి" అన్నాడు తిబోర్.

ఆమె వినిపించుకోలేదు. రెండు బూట్లూ గోడవారగా జతగా పెట్టి, ఉన్ని మేజోళ్ళతో బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"మా నాన్నని చంపింది నేనో కాదో మీరు తేల్చి చెప్పాలి" అంది.

హెర్మీనా చేతిలోని టీ కప్పు పక్కన పెట్టింది. ఆమెకి యాభై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళపాటు ఒక బీమా కంపెనీలో ప్రమాదాల కాగితాలు పరిశీలించింది. అబద్ధాలు చదివీ చదివీ విసుగొచ్చి, వాటిని మనుషుల ముఖాల మీద చదవడమే నయమని ఈ డిటెక్టివ్ పని పెట్టుకుంది. ఆమె సహాయకుడు తిబోర్ అంతకుముందు భూగోళం మాస్టారు. హెర్మీనా కంట పడనిది ఈ లోకంలో లేదని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని బీరు కొట్టులో ఎవరడిగినా అడగకపోయినా చెబుతుంటాడు.

"కూర్చో అమ్మా. ముందు టీ తాగు. తిబోర్, చక్కెర ఎక్కువెయ్యి."

వచ్చినామె పేరు బ్లజేనా. వయసు ముప్పై నాలుగు. కొండ కింద పల్లెలో, బడి వంటశాలలో పనిచేస్తుంది. తండ్రి వాలెంట్ గాలిక్ ముప్పై నాలుగేళ్ళుగా ఎర్రబండ విడిదికి సామాను మోశాడు. ఆ విడిదికి బండ్లు వెళ్ళే దారి లేదు, సామాను పైకి లాగే ఇనప తీగ లేదు. పిండి, బంగాళాదుంపలు, గ్యాసు బండలు అన్నీ మనిషి వీపు మీదే పైకి వెళ్ళాలి. వేసవి బాట మీద చలికాలంలో మంచు విరిగి పడుతుంది కాబట్టి దాన్ని మూసేస్తారు. అప్పుడు మోతగాళ్ళంతా సన్నగండి అనే ఇరుకు లోయలోంచి నిటారుగా ఎక్కుతారు. గండి ఇంటికప్పంత వాలు. ఫిబ్రవరికల్లా అందులో మంచు గాజుగడ్డలా గట్టిపడుతుంది.

"పోయిన నెల పదకొండో తారీకు మంగళవారం. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాడు. సాయంత్రం గండి అడుగున దొరికాడు. కాళ్ళకి గొలుసులున్నాయి" అంది బ్లజేనా.

"గొలుసులంటే?" అని అడిగాడు తిబోర్.

"రబ్బరు పట్టీకి చిన్న చిన్న ముళ్ళున్న గొలుసులుంటాయి సార్. బూటు మీద మేజోడులా లాగి తొడుక్కుంటే సరిపోతుంది. అసలు మోతగాళ్ళు గండిలో అవి వాడరు. వాళ్ళవి ముళ్ళచట్రాలు. బూటు కింద ఇనప చట్రం, దానికి వేలెడు పొడుగు ముళ్ళు పది. పట్టీలతో బిగించి కట్టుకోవాలి. నాన్నకి నడుం నొప్పి. వంగి ఆ పట్టీలు కట్టుకోవడానికి పొద్దున్నే ఎంత అవస్థ పడేవాడో చూడలేకపోయాను. క్రిస్మస్‌కి గొలుసులు కొనిచ్చాను, మా ఆయన షాపులోంచే. 'గండికి కాదు నాన్నా, కింద అడవి బాటకి' అని చెప్పాను కూడా."

"వేసుకునేవాడా?"

"'రోజూ వేసుకుంటున్నా, కాళ్ళకి పెళ్ళి చేసినట్టుంది' అనేవాడు." బ్లజేనా టీ కప్పు పక్కకి జరిపింది. "పోలీసులొచ్చి చూస్తే ఆయన చట్రాలు ఇంట్లో, కొట్టంలో మేకుకి వేలాడుతున్నాయి. ముసలాయన బద్ధకించి గొలుసులతో గండెక్కి జారిపోయాడని రాసుకుని వెళ్ళారు. 'నీ బహుమతే మింగింది నా మొగుణ్ణి' అంది మా అమ్మ, శవం ముందే, అందరూ వింటుండగా. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నెల కావస్తోంది."

"మీ ఆయనేమంటాడు?"

"రాదోవనా? ఏమీ అనడు. మంచివాడు. రాత్రిళ్ళు నేను ఏడుస్తుంటే అటు తిరిగి పడుకుంటాడు, నిద్రపోతున్నట్టు. నేను సిగ్గుపడకూడదని."

ఆమె తెచ్చిన కవరులో కొండ రక్షణ దళం వాళ్ళు తీసిన ఫోటోలు, డాక్టరు రిపోర్టు ఉన్నాయి. రిపోర్టు మొదటి పేజీ దాటి చదవలేకపోయానని చెప్పింది. హెర్మీనా రెండో పేజీ రెండుసార్లు చదివింది. మడిచి లోపల పెట్టింది. తర్వాత ఫోటోలు ఒక్కొక్కటే కిటికీ వెలుగులో పెట్టి చూసింది. ఒకదాంట్లో బూట్ల మీద గొలుసుల రబ్బరు తెల్లబడేంతగా సాగి ఉంది. ఇంకోదాంట్లో గండి మధ్యలో, పక్కకి, మరుగుజ్జు పైన్ పొద దగ్గర వీపున మోసే సామాను చట్రం నిలబెట్టి ఉంది. తాడు మొదలు చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడేసి ఉంది.

"ఈ బరువు ఎవరు దించారు?" అని అడిగింది.

"నాన్నే అయ్యుంటాడు. కాసేపు ఆగడానికి దించి జారిపోయాడన్నారు పోలీసులు."

"అలాగా" అంది హెర్మీనా. ఆ 'అలాగా' వినగానే తిబోర్ కోటు తొడుక్కున్నాడు. దానర్థం అతనికి తెలుసు.

* * *

బ్లజేనా తల్లి ఎతెలా వాళ్ళని వంటింట్లోకి రానిచ్చింది కానీ కూర్చోమనలేదు. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. పొయ్యి మీద క్యాబేజీ సూపు కలుపుతోంది.

"డిటెక్టివా! చచ్చినవాణ్ణి ప్రశ్నలడగడానికొచ్చారా? అడగండి, స్మశానం చర్చి వెనకాలే" అంది.

"బతికున్నవాళ్ళనే అడుగుతానమ్మా. ఆయన చట్రాలు చూడొచ్చా?"

"కొట్టంలో ఉన్నాయి. పోలీసులు చూశాక నేను ముట్టుకోలేదు. ముట్టుకోబుద్ధి కాలేదు."

కొట్టం తలుపు పక్కన పెద్ద మేకుకి చట్రాలు వేలాడుతున్నాయి. ముళ్ళన్నీ తలుపు వైపుకే తిరిగి ఉన్నాయి. తిబోర్ స్వెట్టరు వాటికి తగులుకుని ఒక పోగు ఊడొచ్చింది.

"ఇలా వేలాడదీసేవాడా ఆయన?"

ఎతెలా గడపలోనే ఆగిపోయింది. అప్పుడే మొదటిసారి వాటికేసి సరిగ్గా చూసినట్టుంది. "లేదు. ముళ్ళు గోడకేసి పెట్టేవాడు. అదేంటి, తుప్పా అది?"

ముళ్ళ కొసల మీద నారింజ రంగు పొడిలా తుప్పు పట్టి ఉంది.

"ముప్పై నాలుగేళ్ళు నా పొయ్యి పక్కన ఆరబెట్టి, నూనె రాసి, పాత ఉన్నిగుడ్డలో చుట్టి మరీ పెట్టేవాడు. వాటికి జరిగిన మర్యాద నాకు జరగలేదు ఈ ఇంట్లో" అంది ఎతెలా. గొంతులో కోపమే ఉంది కానీ కళ్ళు తిప్పుకుంది.

ఊరి కమ్మరి చేసిన పాతకాలపు చట్రాలవి. ముందు భాగం, వెనక భాగం వేరువేరుగా ఉండి, మధ్యలో ఒక ఇనప పట్టీ కలుపుతుంది. పట్టీకి వరసగా రంధ్రాలు. హెర్మీనా భూతద్దం తీసి చాలాసేపు చూసింది. బోల్టు మూడో రంధ్రంలో ఉంది. ఐదో రంధ్రం అంచులు మాత్రం అరిగి, నున్నగా మెరుస్తున్నాయి. మిగతా రంధ్రాలు మొరటుగా, నల్లగా ఉన్నాయి.

ఆస్పత్రి నుంచి వచ్చిన సంచి ఎవరూ విప్పకుండా అటక మీద పెట్టేశారు. అందులో వాలెంట్ బూట్లు, గొలుసులు ఉన్నాయి. బూట్ల నంబరు నలభై ఆరు. గొలుసుల రబ్బరు లోపలి వైపున అచ్చువేసిన సైజు మధ్యరకం.

"ఇవి మీ అమ్మాయి కొనిచ్చినవేనా?"

"ఇంకెవరిస్తారు? దాని మొగుడి షాపు గుర్తు కనబడటం లేదూ?"

హెర్మీనా సంచి కట్టి ఇచ్చేసింది.

* * *

రాదోవన్ షాపు పల్లె మొదట్లోనే, బస్సు ఆగే చోట ఉంది. కిటికీ అద్దం నిండా మంచు దుమ్ము పట్టింది కానీ మధ్యలో తలుపంత మేర మాత్రం తేటగా ఉంది. నాలుగు మూలలా టేపు ముక్కలు మిగిలి ఉన్నాయి.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. చక్కగా దువ్విన గడ్డం, మెత్తటి మాట.

"ఎర్రబండ విడిదికా? ఇప్పుడా? అయితే ముళ్ళచట్రాలే తీసుకోండి మేడమ్. గొలుసులు అడవి బాట వరకే. చదునుగా ఉన్న చోట, మంచు తొక్కి గట్టిపడిన చోట బాగుంటాయి. వాలు మీద బూటు చుట్టూ తిరిగిపోతాయి. ముల్లు పక్కకి పోతుంది, కాలు కిందకి పోతుంది."

"అక్కడొక పోస్టరు ఉండేదనుకుంటాను" అంది హెర్మీనా కిటికీ చూపిస్తూ.

"అవును. 'చలికాలమంతా ఇవే చాలు' అని గొలుసుల పోస్టరు. మామయ్య పోయాక తీసేశాను. ఉంచబుద్ధి కాలేదు."

తిబోర్‌కి ఆ మాట నచ్చింది. మనసున్న మనిషి అనుకున్నాడు.

"మీ బూటు నంబరెంత సార్?"

"నలభై నాలుగు."

రాదోవన్ మోకాలి మీద కూర్చుని, చట్రం మధ్య పట్టీ బోల్టు తీసి, ఒక రంధ్రం జరిపి బిగించాడు. బూటు కింద పెట్టి చూశాడు. "వేలు పట్టేంత సందు కూడా ఉండకూడదు. ఉంటే నడకలో ఊడిపోతుంది. ఒకరివి ఒకరికి ఊరికే పట్టవు. అడుగులు దూరందూరంగా వెయ్యండి. మొదటిసారి వేసుకున్నవాళ్ళు ఒక కాలి ముళ్ళతో రెండో కాలి ప్యాంటు చింపుకుంటారు."

"మీరు కూడా ఎక్కుతుంటారా?"

"షాపు వదిలి ఎక్కడికెళ్తాను మేడమ్! ఈ చలికాలం ఒక్కసారి కూడా చట్రం కట్టలేదు."

"మీ మామగారు పోయిన రోజు?"

"పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నాను."

అతను వంగి పట్టీలు చూపిస్తున్నప్పుడు ఎడమకాలి ప్యాంటుకి లోపలి వైపు, పిక్క దగ్గర, రెండు చిన్న మాసికలు కనిపించాయి. పక్కపక్కనే, ఒకే ఎత్తున ఉన్నాయి.

"కుట్టు చాలా నీటుగా ఉంది" అంది హెర్మీనా.

"బ్లజేనా పని. కంచె దాటుతుంటే ముల్లుతీగ పట్టేసింది" అన్నాడతను. లేచి నిలబడి ఆ కాలు వెనక్కి పెట్టుకున్నాడు.

బయటికొచ్చాక తిబోర్ పక్కనే ఉన్న రొట్టెల దుకాణంలో గసగసాల రొట్టె కొంటూ నాలుగు మాటలు కలిపాడు. షాపు మంగళవారాలు మధ్యాహ్నం రెండు దాటాకే తీస్తారని దుకాణంలో ఆమె చెప్పింది. "ఆ మంగళవారం రెండున్నరకి తీశాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. టీ ఇస్తే సగం ఒలకబోశాడు. అప్పటికింకా కబురు రాలేదు, పాపం."

* * *

మర్నాడు సన్నగండి ఎక్కడానికి వాళ్ళకి మూడు గంటలు పట్టింది. ఇద్దరూ మంచుగొడ్డలి ఆనుకుంటూ, బూట్ల ముళ్ళు మంచులో దిగేస్తూ ఎక్కారు. మధ్యలో తిబోర్ ఒకసారి కింద చూశాడు. మళ్ళీ చూడలేదు.

"మేడమ్, ఈ బీమా కంపెనీల్లో కొండలెక్కడం కూడా నేర్పిస్తారా?"

"ఊపిరి దాచుకో. మాటలకి ముళ్ళుండవు."

పైన్ పొద దగ్గర ఆగారు. మొదలు మీద తాడు ఒరుసుకున్న గీత ఇంకా ఉంది. అక్కడి నుంచి ముప్పై అడుగులు పైన చిన్న అరుగులాంటి చోటు. ఒక మనిషి కూర్చోవడానికి, ఇంకో మనిషి మోకాళ్ళ మీద ఉండటానికి సరిపోతుంది. హెర్మీనా దాన్ని చాలాసేపు చూసింది.

విడిది నడిపే సిరిల్ వాళ్ళకి రమ్ము కలిపిన టీ ఇచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పించి పాత చెప్పులు వేయించాడు. మూడింటికి బరువు రాలేదని దిగి వెళ్ళి, వాలెంట్‌ని కనుక్కుంది అతనే.

"గండి మధ్యలో బరువెందుకు దించుతాడు?" అని అడిగింది హెర్మీనా.

"అదే నాకూ అర్థం కాలేదు. డెబ్బై కిలోలండీ. ఒకసారి దించితే ఒంటరిగా మళ్ళీ వీపు మీదకి ఎత్తుకోలేం. పైన బండ దగ్గర నడుమెత్తు బల్ల కట్టుకున్నాం, అక్కడే ఆన్చుకుంటాం. వాలు మీద ప్రాణం పోతున్నా దించం."

"ఎప్పుడూ?"

సిరిల్ ఆమె కప్పులో ఇంకాస్త టీ పోశాడు. "ఒక్క సందర్భంలో దించుతాం. ఎవడైనా టూరిస్టు ఎటూ కదల్లేక అతుక్కుపోతే. వాణ్ణి దింపడానికి చేతులు ఖాళీగా ఉండాలి కదా."

అప్పుడే వంటపిల్ల రెండు బకెట్లు పట్టుకుని ఊట దగ్గరికి బయల్దేరింది. గుమ్మంలో ఆగి, పెద్ద ఉన్నిబూట్ల మీద ఏవో లాగి తొడుక్కుంది. గలగలమన్నాయి.

"ఆ గొలుసులెక్కడివి?" హెర్మీనా గొంతు ఒక్కసారిగా మారింది.

"వాలెంటన్నవే" అన్నాడు సిరిల్ నవ్వుతూ. "క్రిస్మస్ అయిన వారానికే తెచ్చి ఇక్కడ పడేశాడు. 'కోడిపిల్ల గోళ్ళు నాకెందుకురా, నీళ్ళకెళ్ళే పిల్లకివ్వు. వేసుకోవట్లేదని ఇంట్లో చెబితే మా అమ్మాయి మనసు కష్టపెట్టుకుంటుంది' అన్నాడు. ఆ రోజు కాళ్ళకి గొలుసులు చూసి, కూతురు ఇంకో జత కొనిచ్చిందేమో అనుకున్నాను."

హెర్మీనా వాటిని తిప్పి చూసింది. సైజు అన్నిటికన్నా పెద్దది.

"ఇంకో సంగతి. డాక్టరు రిపోర్టు రెండో పేజీలో ఉన్నది మీకు తెలుసు కదూ?"

సిరిల్ నవ్వు ఆగిపోయింది. కప్పు కింద పెట్టాడు. "తెలుసు. నేనే కదా చూసింది. ఆ ఆడవాళ్ళకి చెప్పడానికి నోరు రాలేదు మేడమ్. మీకు పిల్లలుంటే మీరూ చెప్పరు."

"వచ్చే మంగళవారం నెల ప్రార్థనకి కిందకి వస్తున్నారా?"

"వాలెంటన్న ప్రార్థనకి రాకపోతే ఎలా?"

* * *

చర్చి నుంచి అందరూ ఇంటికొచ్చేసరికి పదకొండున్నర అయింది. గుమ్మంలో బూట్లు విప్పి వరసగా పెట్టి, ఇంటి చెప్పులు తొడుక్కుని వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మొదట్లో ఎతెలా, ఒక పక్క సిరిల్, ఇంకో పక్క రాదోవన్. బ్లజేనా వడ్డిస్తోంది. తల్లి ఆమె చేతి నుంచి గిన్నె తీసుకోలేదు. తనే లేచి వెళ్ళి పోసుకుంది.

హెర్మీనా కూర్చోలేదు. బయట వరండాలోకి వెళ్ళింది. కాసేపటికి ఒక చేతిలో వాలెంట్ చట్రం, ఇంకో చేతిలో ఒక బూటు పట్టుకుని లోపలికొచ్చింది. రెండిటినీ తెచ్చి రొట్టె పళ్ళెం పక్కన బల్ల మీద పెట్టింది.

"అన్నం తినే బల్ల మీద బూట్లా!" ఎతెలా లేచి నిలబడింది. "మీ ఇంట్లో ఇదేనా పద్ధతి?"

"క్షమించండమ్మా. ఒక్క పది నిమిషాలు. ఆ తర్వాత కావాలంటే నన్ను గెంటేయండి." హెర్మీనా అందరివైపూ తిరిగింది. "వాలెంట్ గారు చట్రాలు ఇంట్లో వదిలేసి, కూతురిచ్చిన గొలుసులతో గండెక్కాడన్నారు. ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు. కూతురిచ్చిన గొలుసులు ఇప్పటికీ ఎర్రబండ విడిదిలోనే ఉన్నాయి. అవునా సిరిల్?"

"అవును. క్రిస్మస్ వారం నుంచీ అక్కడే ఉన్నాయి."

బ్లజేనా చేతిలోని గరిటె సూపులోకి జారిపోయింది. ఎతెలా కూతురివైపు చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది.

"ఆయన కాళ్ళకున్నవి మధ్యరకం సైజు. నలభై ఆరు బూటు వేసుకునేవాడు అవి తనకోసం కొనుక్కోడు. అవి ఇంకొకరివి. ఇక చట్రాలు. ముప్పై నాలుగేళ్ళు ఐదో రంధ్రంలో ఉన్న బోల్టు ఇప్పుడు మూడో రంధ్రంలో ఉంది. అంటే చివరగా వీటిని కట్టుకున్న కాలు వాలెంట్‌ది కాదు, అంతకన్నా చిన్నది. తడి తుడవకుండా తెచ్చి, ముళ్ళు బయటికి పెట్టి తగిలించారు, తుప్పు పట్టింది. వాలెంట్ అలా చెయ్యడు. అంటే చట్రాలు ఆ రోజు ఇంట్లో లేవు. గండికి వెళ్ళాయి. వేరొకరి కాళ్ళ మీద తిరిగొచ్చాయి."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"బరువు దించాడు. వాలు మీద మోతగాడు బరువు దించేది ఒక మనిషిని కాపాడటానికే. పైన ఎవరో గొలుసులతో ఎక్కి, ముందుకీ వెనక్కీ కదల్లేక అరుగు మీద ఇరుక్కుపోయారు. వాలెంట్ బరువు పొదకి కట్టి, పైకి వెళ్ళి, తన చట్రాలు విప్పి, బోల్టు జరిపి, ఆ మనిషి బూట్లకి బిగించాడు. ఆ మనిషి గొలుసులు తను తొడుక్కున్నాడు. నడుం నొప్పి ఉన్న మనిషి. మంచు మీద మోకాళ్ళ మీద కూర్చుని చేశాడు ఇదంతా."

ఆమె బూటు తీసి చట్రంలో పెట్టింది. ముందు కొస, వెనక మడమ సరిగ్గా కూర్చున్నాయి. వేలు పట్టే సందు లేదు.

"ఇక్కడికొచ్చిన అందరి బూట్లూ బయట పెట్టి చూశాను. ఆడవాళ్ళవి చిన్నవి. సిరిల్‌ది, తిబోర్‌ది పెద్దవి. ఇదొక్కటే సరిపోయింది, నలభై రెండు. ఎవరిదీ బూటు?"

బూటు ఎవరిదో బ్లజేనాకి తెలుసు. ప్రతి శనివారం దానికి మైనం రాసేది తనే.

"ఈ ఊళ్ళో నలభై రెండు సైజు వాళ్ళు ఇంకెవరూ లేరా?" అన్నాడు రాదోవన్. నవ్వబోయాడు.

"ఉంటారు. కానీ చట్రాలు తెచ్చి ఈ కొట్టంలో ఈ మేకుకే తగిలించగలిగేది ఈ ఇంటి మనిషే. ఆ మంగళవారం పొద్దుట్నించీ షాపులో ఉన్నానన్నారు. షాపు రెండున్నరకి తీశారు. ఈ చలికాలం చట్రం కట్టలేదన్నారు. ఎడమకాలి ప్యాంటు లోపలివైపు, ఒకే ఎత్తున రెండు చిరుగులు. ముల్లుతీగ అలా చింపదు. ఎలా చిరుగుతుందో మీరే మాకు నేర్పించారు."

బ్లజేనా మెల్లిగా కుర్చీలో కూర్చుంది. "నాన్నని ఇంటికి తెచ్చిన రాత్రి అడిగాడు కుట్టమని" అంది తనలో తనే అనుకున్నట్టు. "నాన్న పక్క గదిలో శవపేటికలో ఉన్నాడు. ఏదో ఒక పని చేతికి దొరికిందని నేను కుట్టాను."

రాదోవన్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు. "ఫోటో కోసం వెళ్ళాను" అన్నాడు చివరికి. "గొలుసులతో ఎర్రబండ దాకా ఎక్కినట్టు. షాపు కిటికీలో పెడదామని. మామయ్య ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు, గండిలో అవి పనికిరావని. చూపిద్దామనుకున్నాను. సగం దూరం బాగానే ఉంది. తర్వాత ఒక గొలుసు పక్కకి తిరిగిపోయింది. గంటసేపు అలాగే ఉన్నాను."

"అప్పుడాయన వచ్చాడు."

"తిట్టలేదు. 'కదలకు రా అల్లుడూ' అన్నాడు. అంతే. చట్రాలు కట్టి, 'నువ్వు ముందు దిగు, అడుగులు దూరందూరంగా వెయ్యి, ప్యాంటు చిరిగితే మా అమ్మాయి నన్ను తిడుతుంది' అన్నాడు. నేను పొద దాటాను. నా పక్క నుంచే జారిపోయాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో. నేను చాపలేదు. చాపి ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం."

"అది ఎవరూ తప్పనరు" అంది హెర్మీనా. "కిందకి దిగాక ఏం చేశారు?"

"పిలిచాను. పలకలేదు. చనిపోయాడనుకున్నాను."

"దగ్గరికి వెళ్ళారా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"జేబులో ఫోను ఉంది కదా. సిగ్నల్ ఉందా?"

"ఉంది" అన్నాడు చాలా చిన్నగా. "చేస్తే అడుగుతారు కదా, నువ్వక్కడ ఎందుకున్నావు, నీ కాళ్ళకి ఏమున్నాయి అని. ఊళ్ళో సగం మందికి ఆ గొలుసులు నేనే అమ్మాను. పోయిన మనిషి ఎలాగూ పోయాడు అనుకున్నాను."

హెర్మీనా జేబులోంచి మడిచిన కాగితం తీసింది. సిరిల్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"పోలేదు. కాలు విరిగింది, లోపల రక్తం కారింది. విరిగిన కాలుని తన నడుం బెల్టుతో తనే బిగించి కట్టుకున్నాడు. పన్నెండు గజాలు పాకాడు. డాక్టరు లెక్క ప్రకారం దాదాపు రెండు గంటలు బతికి ఉన్నాడు. రక్షణ దళం కింద పల్లె నుంచి అక్కడికి నలభై నిమిషాల్లో వస్తుంది."

ఎతెలా ఏడవలేదు. ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడు ఏడుపు కాదు. తిబోర్ నేలచూపులు చూశాడు. ఆ ఒక్కసారికి తన మేడమ్‌కి ఏమీ కనబడకుండా ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

"చెబుదామనుకున్నాను బ్లజేనా" అన్నాడు రాదోవన్. "అత్తయ్య నిన్ను ఆ మాట అన్న రోజే చెబుదామనుకున్నాను. ఆ రోజు చెప్పలేకపోయాను. మర్నాటికి ఇంకా కష్టమైంది. అలా రోజురోజుకీ..."

"నెల రోజులు నేను ఏడుస్తుంటే అటు తిరిగి పడుకున్నావు" అంది బ్లజేనా. "నేను సిగ్గుపడకూడదనేమో అనుకున్నాను."

ఎతెలా బల్ల అంచు పట్టుకుని హెర్మీనా వైపు తిరిగింది. ఇందాకటి గట్టి మనిషి కాదు. "అమ్మా, మీరు చెప్పారు, మేం విన్నాం. సిరిల్ మనవాడే, బయట అనడు. ఇది ఈ నాలుగు గోడల మధ్యే ఉండనివ్వండి. పోయినవాడు రాడు. దాన్ని మొగుడు లేనిదాన్ని చెయ్యకండి. దాని బతుకేం కాను?"

"నన్ను పిలిపించింది మీ అమ్మాయి. ఆమె అడిగింది చెప్పాను. ఇక ఏం చెయ్యాలో ఆమె ఇష్టం" అంది హెర్మీనా.

"బ్లజేనా" అంది ఎతెలా. నెల రోజుల్లో మొదటిసారి కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. "నా తల్లీ, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నోరు జారాను. ఇలా వచ్చి నా పక్కన కూర్చో. అన్నీ నెమ్మదిగా ఆలోచిద్దాం."

బ్లజేనా తల్లి వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఈ పిలుపు కోసమే అల్లాడిపోయింది. ఇప్పుడది ఇలా, ఇందుకోసం వచ్చింది.

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. రాదోవన్ కోటు అక్కడే వేలాడుతోంది. దాని జేబులోంచి అతని ఫోను తీసి, పోలీసు నంబరు నొక్కింది. రాదోవన్ లేవబోయాడు. సిరిల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది.

"ఒక మరణం గురించి చెప్పాలి" అంది బ్లజేనా. "పోయిన నెల పదకొండున, సన్నగండిలో. మీరు ప్రమాదమని రాసుకున్నారు... వాలెంట్ గాలిక్... మా నాన్న... అవును, అప్పుడు అక్కడ ఇంకో మనిషి ఉన్నాడు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు."

అవతలివాళ్ళు ఏదో అడిగారు.

"నా భర్త" అంది.

లైను సరిగ్గా లేనట్టుంది. అవతలి మనిషి మళ్ళీ చెప్పమన్నారు. బ్లజేనా గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడివిడిగా, మళ్ళీ చెప్పింది.